మిక్సర్ ముందు ప్రసన్న

మంగినపూడి దగ్గర జాలర్ల పల్లెలో పుట్టిన ప్రసన్నలక్ష్మి బందరులో రమాదేవి గారి దగ్గర సంగీతం నేర్చుకుంది. పాట కన్నా టేపురికార్డర్ మీదే ఆమెకు మనసెక్కువ. అది చూసిన రమాదేవి గారు మేడమీద చిన్న రికార్డింగ్ స్టూడియో తెరిచినప్పుడు పాటల సౌండు సరిచేసే మిక్సర్ ఆమెకే అప్పగించారు.

1998లో పేరున్న గాయకుడు శేషగిరి గారు భక్తిపాటల క్యాసెట్టు కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇంజనీరు ఏరండీ?"

"ఆ అమ్మాయేనండీ," అన్నారు రమాదేవి గారు.

"ఆడపిల్లా? బెజవాడ నుంచి ఎవరినైనా పిలిపించండి. అప్పుడు పాడతాను."

ప్రసన్న లేవబోయింది. రమాదేవి గారు భుజం పట్టి కూర్చోబెట్టారు. "మీకిష్టం లేకపోతే మానేద్దామండీ. తను మాత్రం లేవదు."

ఆయన విసురుగా లోపలికి వెళ్ళి మైకు ముందు నిలబడి పాడారు. పాటయ్యాక విని చూస్తే పై స్థాయిలో ఆయన గొంతు చీలిపోయి వినిపించింది. కంగారులో ప్రసన్న సౌండు ఎక్కువ పెట్టేసింది. కావాలంటే తప్పు మైకు మీదికి నెట్టేయవచ్చు. రమాదేవి గారికి సంగతి తెలిసిపోయింది.

"నాదే పొరపాటండీ," అంది ప్రసన్న. "సౌండు ఎక్కువ పెట్టాను. ఇంకోసారి పాడాలి."

చప్పుడు రాకుండా ఫ్యాను ఆపేసిన ఆ గదిలో అందరికీ చెమటలు పట్టాయి.

"ముందే చెప్పానా?" అన్నారాయన, రమాదేవి గారి వైపు తిరిగి.

"చెప్పారండీ. మంచినీళ్ళు తాగి మళ్ళీ పాడండి."

ఆయన ప్రసన్న వైపు తిరిగారు. భుజం మీది కండువా తీసి పక్కన పెట్టి మళ్ళీ పాడారు. ఈసారి గొంతు నిండుగా పలికింది. ఆయన మెచ్చుకోలేదు. మెట్లు దిగబోతూ ఆగి, ప్రసన్ననే అడిగారు.

"రేపు ఎన్నింటికి రమ్మంటావమ్మా?"