డబ్బాలో కొట్టుకి అత్త బోణీ

ఈ వారం కొత్త ఆటల గురించి రాయాల్సిన చోట, మా అత్త పోయిందని రాయాల్సి వస్తోంది. వీడియో గేముల మీద నేను రాసే ఈ శీర్షికని మొదట్నుంచీ చదువుతున్నవాళ్ళకి ఆవిడ తెలుసు. ప్రతి సమీక్ష చివర 'అత్త మాట' అని నాలుగు ముక్కలుండేవే, ఆ మాటలు ఆవిడవే. మా నాన్నకి అక్క. అరసవల్లిలో, గుడికి వెళ్ళే దారిలో, మావయ్యతో కలిసి పూజ సామాన్ల కొట్టు నడిపింది. శ్రీకాకుళంలో కాలేజీలో చేరిన నాటి నుంచీ ఆ కొట్టు వెనకింట్లోనే ఉంటున్నాను. చదువైపోయింది, ఉద్యోగం వచ్చింది, నేను మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.

కబురు తెలిసిన తీరే నాకు అయోమయంగా ఉంది. స్నేహితుడి పెళ్ళికని శృంగవరపుకోట వెళ్ళాను. తెల్లారేసరికి మావయ్య ఫోను. ఆయన నాకు ఫోను చెయ్యడమే వింత.

"ఒరే, టీవీ కింద నీ డబ్బా ఉన్నాది కదా, అది ఆపడం ఎలాగరా?" అన్నాడు.

నేను గేములాడే డబ్బా అది. "మధ్యలో బొత్తాం గట్టిగా నొక్కి పట్టుకో మావయ్యా. అయినా పొద్దున్నే దాన్నెవరు పెట్టారు?"

అటు నుంచి పిట్టల కూతలు వినిపించాయి, టీవీలోవి. "మీ అత్త ఎల్లిపోనాదిరా. కుర్సీలో కూకున్నది కూకున్నట్టే," అన్నాడు.

బస్సు విజయనగరం దాటేదాకా నా బుర్రలో ఒకటే గోల, ఆ డబ్బా ఎవరు పెట్టారు? మావయ్యకి ఆపడమే తెలియదు. ఇంట్లో ఇంకెవరూ లేరు. మనిషి పోతే మనిషి గురించి కదా ఆలోచించాలి! ఏడవాల్సినవాణ్ణి కిటికీ పక్కన కూర్చుని టీవీ గురించి ఆలోచిస్తున్నాను. నా బుర్ర అలా ఎందుకు పని చేస్తుందో నాకే తెలియదు.

అత్తా నేనూ ఆటల్లో పడడం కూడా అనుకుని జరిగింది కాదు. ఇంట్లో పెద్ద టీవీ హాల్లో ఒక్కటే. అందుకని డబ్బా అక్కడే పెట్టుకున్నాను. మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగాక అత్త పత్తి పట్టుకుని వత్తులు చేసుకోడానికి ఆ హాల్లోకే వచ్చేది. మొదట్లో టీవీ వైపు చూసేదే కాదు. ఒకరోజు ఊరంతా తిరిగి కార్లెత్తుకుపోయే దొంగల ఆట ఆడుతూ, రోడ్డు దాటుతున్న ఒకణ్ణి గుద్దేశాను. అత్త చేతిలో వత్తి ఆగిపోయింది.

"ఓలమ్మ! ఆపరా, ఆపు. దిగి సూడు, ఉన్నాడో నేదో."

"అత్తా, అది బొమ్మ."

"బొమ్మయితే మట్టుకు? పడిపోనాడు కదేటి!"

దిగాను. మరేం చెయ్యను! పడినవాడు లేచి నన్ను చితక్కొట్టాడు. "మరి కొట్టడేటి," అని అత్త మళ్ళీ వత్తి నలుపుకుంది. ఆ సంగతి సమీక్ష చివర సరదాకి రాశాను. ఇక చూడండి, ఆ వారం మీరు రాసిన మాటలన్నీ అత్త గురించే. బొమ్మల నాణ్యత గురించి, కథ గురించి నేను రాసిన ఇంత పొడుగు వ్యాసాన్ని ఒక్కరంటే ఒక్కరు పట్టించుకోలేదు.

అప్పట్నుంచి ఏ కొత్త ఆటొచ్చినా అత్త చూడాల్సిందే. ఫుట్‌బాల్ ఆట చూసి, "ఇంతమంది జనం కూకున్నారు, ఒక్కడూ సెనక్కాయలమ్మట్నేదేటి?" అంది. కార్ల పందెం ఆటలో కొండదారి రాగానే, "అనంతగిరి రోడ్డులాగున్నాది, మెల్లగా పోరా, కడుపులో తిప్పుతాది," అంది. మెల్లగా పోయాను. అందరికన్నా ఆఖర్న వచ్చాను. చచ్చినవాళ్ళు లేచి తిరిగే ఆటనైతే చాలాసేపు చూసి, "దినాలు సరిగ్గా సేసుండరు ఈళ్ళకి," అని తేల్చేసింది. ఆ ఆటలో వాళ్ళు ఎందుకు లేచారో నాకు అర్థం కాలేదు గానీ, అత్తకి మాత్రం ఏ అనుమానమూ లేదు. ఆదివారాలు మాత్రం ఇటు తొంగి చూసేది కాదు. సూర్యనారాయణస్వామి దర్శనానికి వచ్చే జనంతో కొట్టు కిటకిటలాడిపోయేది.

ఒక్క విషయం మాత్రం నన్ను ఎప్పుడూ పీకుతూనే ఉండేది. "నీకు నచ్చిందా అత్తా?" అని అడిగితే, "నువ్వాడతన్నావు కదా, బాగుంటాది," అనేది. ఎప్పుడడిగినా అదే మాట. అంటే ఏమిటి? నచ్చినట్టా, నచ్చనట్టా? ఆవిడ చూస్తున్నది ఆటనా, నన్నా? నేను ఒంటరిగా కూర్చున్నానని జాలిపడి పత్తి పట్టుకుని పక్కన చేరేదా? ఏ ఆట ఎవరికి నచ్చుతుందో చెప్పడం నా పని. మా ఇంట్లో మనిషికి నచ్చిందో లేదో చెప్పలేకపోయాను. నాకు అత్తంటే ప్రాణం, అందుకే ఆ జాలి అనే మాట తలుచుకుంటే ఉక్రోషం వచ్చేది.

పోయినేడు ఒక పెద్ద ఆట వచ్చింది. పాతకాలం రాజ్యం, ఒక రాక్షసుడు, వాణ్ణి చంపాల్సిన వీరుడు. ఆట పెట్టినప్పుడల్లా ఆ వీరుడు పల్లెలో తనింట్లో తెల్లవారి నిద్ర లేస్తాడు, బయట పిట్టలు కూస్తుంటాయి. పక్కనే ఒక కొట్టు. ముసలి కొట్టువాడు ముక్కాలిపీట మీద కూర్చుని, ఏం కావాలని చెయ్యూపుతాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు సరుకంతా చూసి, పనికొచ్చేదేమీ లేదని వెనక్కి తిరిగాను.

"అదేటి, ఒట్టి సేతుల్తో వచ్చెస్తన్నావు?" అంది అత్త.

"ఏమీ అవసరం లేదత్తా."

"అక్కడ ఇప్పుడే కదరా తెల్లారినాది? ఆడి కొట్టుకి ఎవులైనా వచ్చినారేటి? నువ్వే మొదలు. బోనీ సెయ్యకుండా ఎలాగొచ్చెస్తావు? సూడు, ఆడు తల దించీసుకున్నాడు."

మా ఇంట్లో బోణీ అంటే ఎంత పట్టింపో చెప్పాలి. పొద్దున్న వచ్చిన మొదటి డబ్బుని అత్త కళ్ళకద్దుకుని దేవుడి పటం ముందు పెట్టాకే గల్లాపెట్టెలో వేసేది. మొదటి బేరం తిరిగిపోయిందా, ఆ పూటంతా ఆవిడ మొహం చూడలేం. తను ఇంకో కొట్టుకి వెళ్ళినా అంతే. కొనే ఉద్దేశం లేకపోతే పొద్దున్నపూట ఎవరి గుమ్మమూ ఎక్కేది కాదు, నన్నూ ఎక్కనిచ్చేది కాదు. ఇప్పుడా పట్టింపు టీవీలోకి కూడా వచ్చిపడింది.

"సరే, ఏం కొనమంటావు?"

"ఎలుగిచ్చీది కొను. కొట్టుకి మంచిది."

లాంతరు కొన్నాను. ఆ ఆటలో లాంతరుకి పనే లేదు, వీరుడి కత్తే మెరుస్తుంది. మర్నాడు ఆట పెడితే మళ్ళీ పొద్దున్నే, మళ్ళీ లాంతరు. "అత్తా, అవతల రాక్షసుణ్ణి చంపాలి," అని విసుక్కుంటే, "రాక్షసుడెక్కడికి పోతాడు, ఉంటాడు. బోనీ పొద్దు పోతే మళ్ళీ వస్తాదేటి?" అంది. ఒకసారి వీరుడు కొట్లోకి అడుగు పెట్టగానే కరెంటు పోయింది. నేను విసనకర్ర వెతుక్కుంటుంటే ఆవిడ నల్లటి టీవీ వైపే చూస్తూ, "లోపలికొచ్చి మాయమైపోనాడని ఆడేటనుకుంటాడురా," అని బాధపడింది. మరో రోజు నా చేతిలోంచి రిమోట్ లాక్కుని నడపడం నేర్చుకుంది. వీరుణ్ణి గోడకి గుద్ది, ఆవుకి అడ్డంపెట్టి, "తప్పుకో తల్లీ," అని ఆవుని బతిమాలుకుని, ఎలాగో కొట్టు దాకా తీసుకెళ్ళి లాంతరు కొనేసింది. ఇద్దరం ఎంత నవ్వామో! ఆ ముచ్చట అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆ ఆట మీద నా సమీక్ష మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మొదటి పల్లెలో కొట్టు దండగ, అక్కడికి ఎవరూ వెళ్ళరు అని రాశాను. కొట్టువాడి బొమ్మ మీద శ్రద్ధ పెట్టలేదు, మనిషి పీట మీంచి లేవనే లేవడు అని కూడా రాశాను. "మోకాళ్ళ నొప్పులేమోరా, అలాగ రాసీకు," అంది అత్త. అయినా రాశాను. కొన్నాళ్ళకి ఇంకో వింత కనిపించింది. సంచిలో లాంతర్లు వాటంతటవే పెరుగుతున్నాయి. నేను కొనకుండానే! ఇది ఆటలో పెద్ద లోపమని మరో వారం రాసి పారేశాను. మాకలా జరగలేదే అని మీరంతా రాశారు. డిస్కు మార్చుకోమని ఒకాయన సలహా ఇచ్చాడు. అవన్నీ అత్తకి చదివి వినిపించాను. "అలాగేటి? సిత్రమే," అంది, తలెత్తకుండా పత్తి నలుపుకుంటూ. ఆ తర్వాత నేను వేరే ఆటల్లో పడి దాన్ని వదిలేశాను.

అత్త పోయాక కొట్టు మూసేశాం, టీవీ మీద గుడ్డ కప్పేశాం. వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. పెద్ద కర్మ అయ్యాక, కొట్టు తెరవాల్సిన రోజు పొద్దున్న మావయ్య స్నానం చేసి, తాళంచెవులు చేతిలో పట్టుకుని హాల్లో నిలబడిపోయాడు.

"పద మావయ్యా, షట్టరెత్తుదాం," అన్నాను.

"ముందు ఆడికి బోనీ అవ్వాల కదరా."

"ఎవడికి?"

"డబ్బాలో కొట్టోడికి."

నాకేమీ అర్థం కాలేదు. దిగులుతో ఈయన బుర్ర కూడా చెదిరిందా అనుకున్నాను. ఆయన నా మొహం చూసి కుర్చీలో కూర్చున్నాడు.

"మీ అత్త రోజూ సేసీదిరా. నువ్వు మేడ మీంచి దిగీలోగా అది ఎట్టుకుని, ఆడి దగ్గర ఏదో కొనీసి, ఆపీసి, అప్పుడొచ్చి మన కొట్టు ముందు ముగ్గెట్టీది. ఆ పొద్దున్న కూడా అందుకే కూకున్నాది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నవ్వుతావని. ఆ కొట్టుకి ఎవులూ ఎల్లరని నువ్వే రాసినావట కదా? అది సదివినకాడ్నుంచి మరీని. 'పాపం, మనవైనా ఎల్లాల,' అనీది."

ఇన్నాళ్ళూ నా కోసమే కూర్చుందేమో అని కుమిలిపోయాను. నేను నిద్రపోతుంటే, నాకు తెలియకుండా, తన కోసం తను వెళ్ళింది. మరి ఆటంటే ఇష్టమున్నట్టా? ఆ కొట్టువాడి మీద జాలా? లేక పొద్దున్నే చేసే పనుల్లో అదీ ఒకటైపోయిందా? అది ఆటేనని ఆవిడకి అసలు గుర్తుండేదా? ఏమో! సమీక్షలు రాసేవాణ్ణి, చెప్పలేకపోతున్నాను. నా మీద జాలితో మాత్రం కాదు. అదొక్కటే తేలింది. అది తేలగానే ఏడుపు తన్నుకొచ్చింది. అన్ని రోజుల్లోనూ మొదటిసారి అప్పుడే ఏడ్చాను. మావయ్య నా భుజం మీద చెయ్యేసి, "ముందు పని కానీరా, ఏల మించిపోతన్నాది," అన్నాడు.

ఈ నెల వచ్చిన కొత్త ఆటలు మూడు బల్ల మీద అట్ట కూడా విప్పకుండా ఉన్నాయి. వాటిలో ఒకటి వరి పండించే ఆట, అత్తకని తెప్పించింది. వాటిని పక్కకి జరిపి టీవీ మీద గుడ్డ తీశాను. డబ్బా పెట్టాను. తెల్లవారింది. పిట్టలు కూశాయి, ఆ రోజు ఫోనులో విన్న పిట్టలే. వీరుడు మంచం దిగాడు. సంచి తెరిచి చూస్తే నిండా లాంతర్లే. అత్త చివరిరోజు బోణీ చేసిందో, చేసేలోపే పోయిందో వాటిని చూస్తే తెలియదు. మెల్లగా, ఆవుకి తగలకుండా, కొట్టు దాకా నడిపించాను.

గుమ్మంలో అడుగు పెట్టగానే ముసలి కొట్టువాడు పీట మీంచి లేచాడు.

నేను ఆ ఆట నెలల తరబడి ఆడాను. వాడు లేవడని అచ్చులో రాశాను. నా కోసం ఒక్కసారి కూడా లేవలేదు. ఇప్పుడు బల్ల మీద చేతులానించి, లేచి, వీరుడి వైపు తలొంచి నిలబడ్డాడు.

"ఏటట? ఏటంటన్నాడు?" అన్నాడు మావయ్య.

"ఏమీ అనట్లేదు మావయ్యా. లేచి నిల్చున్నాడు."

మావయ్య టీవీ వైపు చూశాడు, తాళంచెవుల గుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అలాగ నిలబెట్టీకు. కొను మరి," అన్నాడు.

లాంతరు కొన్నాను. వాడు కూర్చుంటాడనుకున్నాను, కూర్చోలేదు. వీరుణ్ణి గుమ్మం దాటించి, వెనక్కి తిప్పి చూసినా అలాగే నిలబడి ఉన్నాడు.