పళ్ళెంలో తిరగబడ్డ పండుగప్ప

సింగపూర్‌లో పల్లెటూరు ఉందంటే మనవాళ్ళు నవ్వుతారు. కాత్యాయని కూడా నవ్వింది, కళ్ళారా చూసేదాకా. ఆవిడ ఉండే యూ టీ ఫ్లాట్ల దగ్గర బస్సెక్కి, ఇంకో బస్సు మారితే లిమ్ చూ కాంగ్ వస్తుంది. ఆకుకూర మడులు, మేకల పాకలు, కప్పల్ని పెంచే షెడ్డు దాటుకుంటూ పోతే దారి చివర చిన్న రేవు. రేవుకెదురుగా సముద్రంలో తేలే చెక్క తెప్పల మీద చేపల ఫారాలు. అవతలి ఒడ్డు మలేషియా.

ఆ దారిలో ఉన్న ఫారాలే కాత్యాయని వ్యాపారం. భీమవరం దగ్గర చేపల చెరువుల మధ్య పుట్టి, పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చి, ఒక బ్యాంకులో ప్రకటనల విభాగంలో చేరింది. బ్యాంకు వాళ్ళు ఒక రోజు ఆ విభాగాన్నే ఎత్తేశారు. ఇక ఒకరి గుమ్మం ఎక్కేది లేదని భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని సొంతంగా మొదలుపెట్టింది. రైతులకు వెబ్‌సైట్ చేసిపెట్టడం, ఫొటోలు, వీడియోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడం, వచ్చిన ఆర్డర్లు వాళ్ళకు చేరవేయడం. గొప్పగా చెప్పుకోవాలంటే డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ. ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఆవిడా, ఆవిడ ఫోనూ.

లోకానికంతా ప్రకటనలు చేసిపెట్టే మనిషికి ఆ పల్లెలో తన ప్రకటన మాత్రం పనికిరాలేదు. అక్కడ ఒకరు మంచిదంటేనే ఇంకొకరు పిలుస్తారు. ఆ మాట చెప్పే పెద్దమనిషి టియో అంకుల్, డెబ్బై దాటిన చైనా ఆయన. సముద్రంలో పండుగప్పను పెంచుతాడు. ఆయన ఔనంటే ఔను, కాదంటే ఆ దారిలో మేక కూడా మొహం చూడదు. ఆయన ఇంగ్లీషులో సగం చైనా, ఈవిడ ఇంగ్లీషులో సగం గోదావరి. అయినా ఇన్నేళ్ళలో ఇద్దరికీ పేచీ రాలేదు. ఆయన చేపలు రేవుకు తెచ్చేవాడు, ఈవిడ రేవులో నిలబడి ఫొటోలు తీసుకునేది.

చైనా వాళ్ళ కొత్త సంవత్సరం దగ్గరపడింది. పండగ ముందు రోజు ఇంటిల్లిపాదీ కూర్చుని తినే భోజనంలో నిండు చేప ఉండి తీరాలి. అందరూ ఆవిరి మీద ఉడికించిన తెల్ల చేపనే చూపిస్తారు, మనం కాస్త ఎర్రగా చూపిద్దాం అనుకుంది కాత్యాయని. అల్లం వెల్లుల్లి, కారం, చింతపండు గుజ్జు పట్టించి పండుగప్పను నిండుగా వేయించింది. పెద్ద పళ్ళెంలో పెట్టి, ఫోను స్టాండుకు తగిలించి, ఒక వైపు తిని, "రెండో వైపు కూడా చూడండి, ఎలా వేగిందో" అంటూ చేపను పళ్ళెంలోనే పల్టీ కొట్టించింది. ఘుమఘుమలు ఫోనులోంచి బయటికి రావు గానీ, వచ్చినంత పనయింది. సాయంత్రానికల్లా ఆర్డర్లు వచ్చిపడ్డాయి. అంతకు ముందు ఏ పండక్కీ అన్ని రాలేదు. పొంగిపోయి వీడియోతో సహా అన్నీ టియో అంకుల్‌కు పంపింది.

ఆయన చూసినట్టు ఫోను చెప్పింది. జవాబు లేదు. మర్నాడు ఫోను చేస్తే ఎత్తలేదు. ఆకుకూరల ఫారం ఆవిడ నుంచి మాత్రం ఒక మెసేజి వచ్చింది, ఈ వారం రావద్దని. ఏం జరిగిందో తెలియదు, ఏదో జరిగిందని మాత్రం తెలుస్తోంది.

స్కూలు నుంచి వచ్చిన కూతురు నిఖిల వీడియో చూసి బ్యాగు అక్కడే పడేసింది.

"అమ్మా! ఫిష్‌ని ప్లేట్‌లో ఫ్లిప్ చేశావా? కాంట్ లా!" అంది, ఇక్కడి వాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి.

"ఏమే, రెండో వైపు తినొద్దా?"

"బోన్ తీసేసి తినాలి, తిప్పకూడదు. తిప్పితే ఫిషర్‌మన్ బోట్ తిరగబడుతుంది అంటారు. మా ఫ్రెండ్ వాళ్ళ గ్రాండ్‌మా అయితే కొట్టేస్తుంది."

ఇదేం మూఢనమ్మకం అని కొట్టిపారేయబోయింది కాత్యాయని. కానీ శనివారం నూనె కొనని మనిషి, మంగళవారం కొత్త పని ముట్టని మనిషి అనాల్సిన మాటా అది? నోరు మూసుకుని వీడియో తీసేసింది. ఆర్డర్లు మాత్రం తీసేస్తే పోయేవి కావు. మర్నాడు పొద్దున్నే చేపలు పట్టకపోతే అన్ని ఇళ్ళ పండగ భోజనం చెడుతుంది, టియో పేరు చెడుతుంది, ఆ తర్వాత ఆ దారిలో ఈవిడ పనీ ముగుస్తుంది.

తెల్లవారుతుండగా టాక్సీలో రేవుకు వెళ్ళింది. మిగతా ఫారాల పడవలు అప్పటికే వెళ్ళిపోయాయి. టియో పడవ ఒక్కటే కట్టేసి ఉంది. ఆయన ఐసు పెట్టె మీద కూర్చుని నీళ్ళ వంక చూస్తున్నాడు.

"అంకుల్, సారీ. తెలియక చేశాను. తీసేశాను."

"తీసేస్తే ఏం లా? నేను చూశాను, మా ఆవిడ చూసింది. వెళ్ళొద్దని ఏడుస్తోంది." ఆయన నీళ్ళ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "మా అన్న పడవ అక్కడే తిరగబడింది. అప్పటి నుంచి మా ఇంట్లో చేపను ఎవరూ తిప్పరు."

కాత్యాయనికి సిగ్గుతో తల వాలిపోయింది. ఆయన పక్కనే చెక్కల మీద కూలబడింది. తనకు తెలిసిన ఒకే ఒక్క మందు చెప్పింది.

"మా ఊళ్ళో బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే ఆగిపోతాం అంకుల్. కాసేపు కూర్చుని, కాసిని మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరతాం."

"అంతేనా? సరిపోతుందా?"

"ఇప్పటిదాకా సరిపోయింది."

ఆయన నవ్వలేదు. ఆవిడ సీసా అందిస్తే తాగాడు. ఆవిడా తాగింది. లేచి పడవ దగ్గరకు వెళ్ళి తాడు విప్పాడు. విప్పి, అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. కాలు ముందుకు పడటం లేదు.

ఆయన భయం కాత్యాయనికి అప్పుడు అర్థమైంది. చెరువుల మధ్య పుట్టినా ఆవిడకు ఈత రాదు. మోకాళ్ళ లోతు దాటి ఏ నీళ్ళలోనూ దిగి ఎరగదు. అయినా చెప్పులు చేత్తో పట్టుకుని పడవలోకి దిగింది. పడవ ఊగింది, దాంతో పాటే ఆవిడ ప్రాణమూ ఊగింది.

"ఏయ్, నువ్వెక్కడికి?"

"తప్పు నాది అంకుల్. పడవలో నేనూ ఉంటాను."

ఆయన "ఐయా" అని విసుక్కుంటూ లైఫ్ జాకెట్ ఒకటి ఆవిడ మీదకు విసిరి, తానూ దిగి ఇంజను లాగాడు.

దారిలో పెద్ద పడవ ఒకటి దాటిపోయింది. దాని అలలకు చిన్న పడవ ఎగిరెగిరి పడింది. కాత్యాయని కళ్ళు మూసుకుని "గోవిందా, గోవిందా" అంటూనే ఉంది. తెరిచి చూసేసరికి టియో పెదవులు కూడా ఏదో గొణుగుతున్నాయి. ఆయన దేవుడెవరో ఆవిడ అడగలేదు.

ఫారం చేరాక చెక్క పలకల మీద కాళ్ళూ చేతులూ ఆనించి పాకింది. తను ఇన్నేళ్ళుగా అమ్ముతున్న ఫారం ఇది. "ప్రశాంతమైన నీటిలో పెరిగిన చేప" అని వెబ్‌సైట్‌లో రాసింది తనే. ఆ ప్రశాంతమైన నీరు కాళ్ళ కింద పలకల్ని ఎత్తి కుదేస్తోంది. దాని మీద ఆ ముసలాయన నిటారుగా నిలబడి వల లాగుతున్నాడు. పండుగప్పలు వెండిలా ఎగిరిపడుతున్నాయి. ఆవిడకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"ఏడుపు తర్వాత లా. ముందు వీడియో తియ్యి."

"చెయ్యి వణుకుతోంది అంకుల్."

"వణకనీ. ఒడ్డున నిలబడి అమ్మేవాళ్ళకు నీళ్ళ భయం తెలియదు, అందుకే చేపను తిప్పుతారు. ఇక నుంచి ఇక్కడికొచ్చి తియ్యి."

సరేనని తలూపి ఫోను తీసింది కాత్యాయని. తిరుగు ప్రయాణం ఇంకా ఉందన్న సంగతి ఆవిడకు అప్పుడు తట్టింది.