వాటాల లక్ష్ముడు

గుల్లపేట ఒడ్డున వల లాగాక చేపలు పంచే పని ముప్పై ఏళ్లుగా లక్ష్ముడిదే. పెద్దవీ చిన్నవీ కలగలిపి కుప్పలు పోసేవాడు. అందరూ తీసుకున్నాక ఆఖరున మిగిలిన కుప్ప తనది. అది ఎప్పుడూ మిగతావాటికంటే కాస్త చిన్నదిగానే ఉండేది. దీనిమీద పెళ్లాం బుల్లమ్మ తిట్టని రోజు లేదు. ఆ తిట్లు కూడా తన వాటాలోవే అనుకునేవాడు.

ఒడ్డున ఒక కట్టుబాటుంది. వల లాగేటప్పుడు దారిన పోయేవాడు తాడుమీద చెయ్యేసినా సరే, ఇరవై చేపలకి ఒకటి చొప్పున అతనికి వాటా ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే మర్నాడు వల ఖాళీగా వస్తుందట. అలా రావడం ఎవరూ చూడలేదు. చూద్దామని వాటా ఎగ్గొట్టిన మొనగాడు పేటలో పుట్టలేదు.

అరవై ఎనిమిదిలో మూడో వార్డు మెంబరు పోతే, కార్తీకంలో ఉప ఎన్నిక వచ్చింది. ఆ వార్డులో రైతుల వీధీ ఉంది, గుల్లపేటా ఉంది. మెంబరు మాత్రం ఎప్పుడూ రైతుల వీధివాడే. తాగునీటి బావి కూడా ఆ వీధిలోనే. పేట ఆడవాళ్లు ఇసకలో మైలున్నర నడిచి, ఆ వీధి బిందెలన్నీ నిండేదాకా నిలబడి, అప్పుడు తోడుకోవాలి. పేటలో బావి తవ్వించమని పెట్టుకున్న అర్జీలన్నీ పంచాయతీ బీరువాలో క్షేమంగా ఉన్నాయి.

ఈసారి ఎవరో లెక్కపెట్టారు. పేట ఓట్లు అరవై ఒకటి, రైతుల వీధివి యాభై ఎనిమిది. ఇంకేం, లక్ష్ముడిని నిలబెట్టేశారు. అవతల నిలబడ్డది నరసింగరావు, బళ్లకొద్దీ ధాన్యం ఆమదాలవలస తోలే మోతుబరి.

పోలింగు రెండు రోజులుందనగా నరసింగరావు ఓట్లడగడానికి ఒడ్డుకొచ్చాడు. అప్పుడే వల లాగుతున్నారు. నలుగురూ చూస్తున్నారు కదా అని పంచె ఎగ్గట్టి, తాడు పట్టుకుని రెండడుగులు లాగాడు. ఆ తర్వాత చేతులు కడుక్కున్నాడు. వల ఒడ్డుకి చేరగానే లక్ష్ముడు అతని కుప్ప అతనికి చూపించాడు.

"కార్తీక మాసంరా, నీసు ముట్టను. వాటాకి బదులు ఓట్లియ్యండి, సాలు," అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు నరసింగరావు.

పేట నవ్వలేదు. వాటా అడిగాడు, మరి ఇవ్వాలా వద్దా? పెద్దలు తలలు పట్టుకుని తీర్పు కోసం లక్ష్ముడి దగ్గరకే వచ్చారు. వీడి చాదస్తం మండా, వేరెవరి దగ్గరకైనా వెళ్లినా బాగుండేది.

"సెయ్యేసినోడికి వాటా లేదనడానికి నాకు నోరు రాదు," అన్నాడు లక్ష్ముడు. "ఇరవైకి ఒకటి లెక్కన మూడు ఓట్లు. ఇంకోల్ల మీద ఎందుకెయ్యాల? నాదీ, మా బామ్మర్ది పోతురాజుదీ, బుల్లిదీ."

పోతురాజు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. అతని అక్క బుల్లమ్మ మూసుకోలేదు. "నీకేటి మతి పోనాదా? నాను సస్తే ఎయ్యను!"

"ఒలే, పెద్దల ముందర మాటిచ్చీసినాను. ఎయ్యి," అన్నాడు లక్ష్ముడు.

లెక్కింపులో నరసింగరావుకి అరవై, లక్ష్ముడికి యాభై తొమ్మిది వచ్చాయి. పేట మగాళ్లు ఇసకలో కూలబడ్డారు. తన ఓటు తను వేసుకుని ఉంటే లక్ష్ముడు మెంబరయ్యేవాడు. లక్ష్ముడికి ఆ సంగతి తట్టనే లేదు. ఇవ్వాల్సినవి మూడు, అందినవి రెండు. మహా కోపంతో ఇంటికొచ్చాడు.

"ఒసే, వాటా ఎగ్గొట్టినావు కదే!"

"ఎగ్గొట్టినాను, ఏటి సేస్తావు?" అంది బుల్లమ్మ. "రెండడుగులు లాగినోడికి వాటా తీసినావు. ఇరవై రెండేళ్లయి నాను బిందె మోస్తన్నాను. నాకేటి తీసినావు, సెప్పు?"

ముప్పై ఏళ్లలో వాటా తప్పావని అతన్ని అడిగినవాళ్లు లేరు.

మర్నాడు తెల్లారగానే బిందె భుజానికెత్తుకుని బయల్దేరాడు. పేటలో మగవాడు నీళ్లకి వెళ్లడం అదే మొదలు. ఆడవాళ్ల వెనక నిలబడ్డాడు. ఎండెక్కింది. రైతుల వీధి బిందెలు నిండాయి. తర్వాత కొత్త మెంబరు గారి గేదెలకి తోడారు. అప్పుడు వంతు వచ్చింది. లక్ష్ముడు చేద వేసి లాగితే సగం మడ్డి నీళ్లే వచ్చాయి. అక్కడే, అందరి ముందూ ఏడ్చాడు.