నీలం రోబో ఎర్ర రోబోతో ఏమన్నాడు?

ఆదివారం చర్చి అవగానే బైబిళ్లు చంకలో పెట్టుకుని మన వీధి పిల్లలమంతా బొబ్బిలిలో మా ఇంటి టీవీ ముందు వాలిపోయేవాళ్లం, గుర్తుందా? నీలం రోబో కార్టూన్ హిందీలో వచ్చేది. మనలో ఎవరికీ హిందీ ముక్క రాదు. మా రూతు పిన్ని వెనక కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఎవరేమంటున్నారో తెలుగులో చెప్పేది.

ఆఖరి యుద్ధంలో నీలం రోబో చెయ్యెత్తి ఎర్ర రోబో మీద అరిచాడు. "ఆడు ఈడి తమ్ముడ్రా. ఇంటికొచ్చీరా, అమ్మ ఎదురుసూస్తన్నాది అంటన్నాడు" అంది పిన్ని. అందరం ఏడ్చాం.

ఆ కార్టూన్‌నే ఇప్పుడు కొత్తగా తీసి తెలుగులో వదిలారు. నిన్న మా పాప ఫోనులో చూస్తోంది. అదే యుద్ధం, అలాగే ఎత్తిన చెయ్యి. "నిన్ను ముక్కలు చేస్తాను!" అన్నాడు నీలం రోబో.

నాకు ఒళ్లు మండిపోయింది. "మా చిన్నతనాన్ని నాశనం చేశారు. వాళ్లిద్దరూ అన్నదమ్ములు!" అని కామెంట్ పెట్టాను. "పాతదాంట్లోనూ ఇదే డైలాగండీ. అన్నదమ్ములేంటి?" అని ఎవరో తెలుగు సబ్‌టైటిల్స్‌తో పాత వీడియో పెట్టారు. చూశాను. నిజమే.

వెంటనే పిన్నికి ఫోన్ చేసి నిలదీశాను.

"నాకు హిందీ ఎక్కడ వస్తాదే? చర్చి నుంచొచ్చిన పిల్లలకి నరుకుతాను, సంపుతాను అని సెప్పమంటావేటి?" అని నన్నే కసిరింది.

ఇన్నేళ్లూ నమ్మించి మోసం చేసింది. పరువు పోయిందని కామెంట్ తీసేయబోతే, దాని కింద మన వీధి ప్రసాదు రాసి ఉన్నాడు: "అన్నదమ్ములే. ఇంటికాడ అమ్మ కూడా ఉన్నాది."