గార్డు ఈలకు ఆగిపోయిన ఆట

మా డ్రిల్లు మాస్టారు పోయారని శుక్రవారం కార్డొచ్చింది. అప్పటికి దహనం కూడా అయిపోయింది. చావు కబురు తెచ్చిన కార్డు ఇంట్లో ఉండకూడదని అమ్మ దాన్ని గుమ్మం బయటే చింపేసింది. ఆయనకు నేను చెప్పుకోవలసిన నిజం ఒకటి ఉండేది. ఇక దానికి దిక్కు లేదు.

ఆమదాలవలసలో మా స్కూలు మైదానం రైలు కట్టను ఆనుకొనే ఉండేది. మాస్టారు ఖాకీ నిక్కరుతో మాతో సమానంగా పరిగెత్తేవారు. ఆట ముగిసే ముందు పది నిమిషాలంటే మాత్రం ఆయనకు భయం. "సివరాకర్న కాళ్లు ఆడవురా, సెవులాడతాయి. గెలిసేవోడు ఈల కోసం సూస్తాడు, ఓడేవోడు బంతి కోసం సూస్తాడు" అనేవారు. మేం నవ్వుకునేవాళ్లం.

అరవై ఏడులో కప్పు ఫైనలు మా మైదానంలోనే పడింది. గెలవకపోతే స్కూల్లో ఫుట్‌బాల్ ఎత్తేస్తానని హెడ్మాస్టరు ముందే చెప్పేశారు. విజయనగరం జట్టు మీద ఒక గోలు ముందున్నాం. మూడు నిమిషాలు మిగిలాయేమో. గోలు ముందు కాపలా నాది. బంతి నా వైపు వస్తుండగా ఈల వినిపించింది. గెలిచేశామని చేతులు పైకెత్తేశాను. నన్ను చూసి మరో ఇద్దరు ఆగిపోయారు.

అది స్టేషన్లో పాసింజరు గార్డు ఊదిన ఈల. బుద్ధెరిగిన దగ్గర్నుంచి మేం రోజూ వింటున్నదే! కొత్తవాళ్లు, విజయనగరం వాళ్లు మోసపోయారంటే అర్థముంది. వాళ్లు ఆగలేదు. వాళ్లకు ఈలతో పనిలేదు మరి.

గోలు పడింది. ఇంకా సమానంగానే ఉన్నాం, అయినా మాలో ఒక్కడూ పరిగెత్తలేదు. "ఒరే, ఆట ఇంకా ఉన్నాదిరా! కదలండ్రా!" అని మాస్టారు గీత అవతల గొంతు చించుకున్నారు. మా లోపల అప్పటికే అయిపోయింది. రెండో గోలు ఎవరూ అడ్డుకోకుండానే పడింది.

ఏడుస్తూ వెళ్లి, "రిఫరీ ఈలే అనుకున్నాను మాస్టారూ" అన్నాను. అబద్ధం. అది రైలుదని మరుక్షణమే తెలిసింది నాకు. కానీ ఒకసారి ఆగిన కాళ్లను మళ్లీ కదపడానికి మనసు రాలేదు.

"ఊరుకోరా. అలిసిపోయినావు" అన్నారాయన.

నమ్మారో, నమ్మినట్టు ఉన్నారో తెలీదు. ఫుట్‌బాల్ నిజంగానే ఎత్తేశారు. ఆ తర్వాత నేనక్కడ చదివిన రెండేళ్లూ ఆయన పిల్లలచేత చేతులు చాపించడం, దింపించడం, అంతే. బజార్లో కనిపిస్తే "ఏటిరా, బాగున్నావా?" అని ఆగేవారు. నేను ఆగేవాణ్ణి కాదు. సిగ్గు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ఆ సాయంత్రమే కనిపిస్తుంది. అందరూ వెళ్లిపోయారు. మాస్టారు ఒక్కరే గోలు పక్కన నేల మీద కూర్చున్నారు. బంతి తోలుతాడు విప్పి, లోపలి బ్లాడరు మూతి వదులు చేశారు. బంతిని గుండెకు ఆనించుకుని, గాలంతా పోయేదాకా రెండు చేతులతో మెల్లిగా నొక్కుతూ కూర్చున్నారు.