లోపల గుడ్డ వదలని గౌను

సత్తెనపల్లిలో మా సందు మొత్తానికి జాకెట్టు కుట్టాలంటే నేనే. ఈ మాట నేనే చెప్పుకుంటాను, ఇంకెవరూ చెప్పరు కాబట్టి. చంక కింద ముడత పడకుండా కుడతానని కాస్త పేరుంది. మా అమ్మాయి గౌన్లు చూసినవాళ్లకి మాత్రం ఆ పేరు మీద అనుమానం వచ్చేది. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత.

దీనికి మా వైపు పద్ధతిని తిట్టాలి, నన్ను కాదు. పిల్లల బట్ట ఎవరు తెచ్చినా, "ఎదిగే పిల్లండీ, కాస్త లూజుగా కుట్టండి," అంటారు. లోపల నాలుగు వేళ్ల గుడ్డ మడిచి కుట్టి, ఏటా కొంచెం కొంచెం విప్పుతాం. సొంత పిల్ల కదా అని నేను ఇంకో రెండు వేళ్లు ఎక్కువే వదిలేదాన్ని. గౌను సరిపోయే నాటికి రంగు వెలిసిపోయేది.

పదకొండేళ్లు నిండాక పిల్ల తిరగబడింది.

"క్రిస్మస్‌కి చర్చిలో అందరి ముందూ వాక్యం చెప్పాలమ్మా. ఈ ఒక్కసారి నాకు సరిపోయేట్టు కుట్టు. పోయినేడు గోనెసంచిలో నుంచుని చెప్పానని నవ్వారు."

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పండగ జాకెట్లు వచ్చి పడకముందే, నవంబరు మొదట్లో కొలతలు తీసుకుని ఒంటికి అతికినట్టు కత్తిరించాను. లోపల వేలెడు గుడ్డ వదల్లేదు. వదిలితే పాత బుద్ధి మళ్లీ పుడుతుందని నా భయం. కుట్టి, ఇస్త్రీ చేసి, బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ తర్వాత మిషను మీద నుంచి తలెత్తలేదు. ఆ నెలన్నరలో మా వీధిలో ఎవరి నడుము పెరిగిందో, ఎవరిది తగ్గిందో అడిగితే టేపు చూడకుండా చెప్పేదాన్ని.

పండగ పొద్దున గౌను తొడిగితే జిప్పు సగంలో ఆగింది. సబ్బు రాసి లాగాను. కదల్లేదు. విప్పుదామంటే లోపల గుడ్డ లేదు. సిగ్గు విడిచి, "పోయినేటిది వేసుకోవే," అన్నాను.

"వద్దు. నేను ఊపిరి బిగబడతాను, నువ్వు లాగు," అంది.

చర్చిలో పిల్ల ముందుకెళ్లి నుంచుంది. ఎవరూ నవ్వలేదు. "భలే అమిరిందండీ, మీరే కుట్టారా?" అంది పక్కావిడ. పొగిడితే మాట్లాడకుండా ఉండడం నాకు అదే మొదటిసారి. పిల్ల మూడేసి మాటలకొకసారి ఆగి, భుజాలు కదలకుండా కాస్తంత గాలి పీల్చుకుని, వాక్యం చివరిదాకా తప్పు లేకుండా చెప్పింది. ఎంత భక్తిగా, నింపాదిగా చెప్పిందో చూడండని పాస్టరుగారు మెచ్చుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

అది వచ్చి చాప మీద నా పక్కన కూర్చుని, "జిప్పు తియ్యమ్మా," అంది చెవిలో. వీపు మీద నా కొంగు కప్పి కిందికి లాగాను. పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది. జిప్పు నొక్కిన చోట చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. అక్కడ చేత్తో రాస్తూ ఆలోచించాను, రోజూ నా పక్కలోనే పడుకునే ఈ పిల్ల ఇంత వీపు ఎప్పుడు పెంచుకుందో. నాకు తెలియలేదు.