ఒక్కదాని కోసం ఫ్యాను ఎందుకు?

బెంగళూరు మారతహళ్ళిలో మేముండే వీధి చివర కొత్తగా ఒక అపార్ట్‌మెంటు లేస్తోంది. అప్పుడే పోసిన కాంక్రీటు స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి, పొద్దునా సాయంత్రం పైపుతో తడుపుతుంటారు. మొన్న మండుటెండలో కూరగాయల సంచీ పట్టుకుని అటుగా వస్తుంటే ఆ తడి గోనె వాసన ముక్కుకు తగిలింది. నార, మట్టి, కాస్త ముక్కిన తడి కలిసిన వాసన. ఎవరికైనా అది బాగుంటుందని చెప్పలేను. నాకు మాత్రం కాళ్ళు ఆగిపోయాయి. వెనకనుంచి స్కూటరతను హారన్ కొట్టేదాకా అక్కడే నిలబడి ఉన్నాను. చందాపురలో గోవిందమ్మవ్వ గది కిటికీకి వేలాడే పట్టా సరిగ్గా అలాగే ఉండేది. ఆ పట్టా వెనక మసక వెలుతురు, ఎర్రని గచ్చునేల, నేలమీద కాళ్ళు బారజాపి కూర్చున్న అవ్వ, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి.

పెళ్ళయిన కొత్తలో మా ఆయన రమేశ్‌కు చందాపుర దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం. గోవిందమ్మవ్వ వాళ్ళ ఇంటి మిద్దె మీద సిమెంటు రేకులు వేసిన ఒక గదీ వంటిల్లూ ఉంటే అందులో అద్దెకు దిగాము. కింద అవ్వ, ఆమె కొడుకు శీనప్ప, కోడలు ఉండేవారు. శీనప్పకు రోడ్డుమీద సామాన్ల అంగడి. కోడలు గార్మెంట్స్‌లో పనిచేసేది. పొద్దున వాళ్ళిద్దరూ వెళ్ళిపోతే ఇంట్లో అవ్వ ఒక్కతే. వాళ్ళ పూర్వులు ఎన్నో తరాల కిందట బెంగళూరు పేటకు వచ్చి మగ్గాలు పెట్టుకున్న తెలుగువాళ్ళు. అవ్వ తెలుగులో సగం కన్నడ ఉండేది. కుప్పం వైపు పల్లెనుంచి వచ్చిన నాకు అది పరాయిగా అనిపించలేదు.

అవ్వ పొదుపు ఆ వీధిలో అందరికీ తెలిసిందే. అగ్గిపుల్ల ఒకటి గీస్తే రెండు పొయ్యిలూ వెలగాలి. కాలిన పుల్లను డబ్బాలో దాచి, ఒక పొయ్యి మంట నుంచి రెండోదానికి దానితోనే అంటించేది. పప్పు సగం ఉడకగానే గిన్నె దించి పాత కంబళిలో చుట్టి మూల పెడితే, మధ్యాహ్నానికి అది తనంతట తానే మెత్తబడి ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు, బట్టలు జాడించిన నీళ్ళు వాకిలికి. ఎండాకాలమంతా వంట తెల్లవారేసరికే అయిపోవాలి. "పొద్దెక్కినాక పొయ్యి ముట్టిస్తే ఇంట్లో ఇంకో సూర్యుణ్ణి కూచోబెట్టుకున్నట్టే" అనేది. మనం నిలబడి మాట్లాడుతుండగానే చెయ్యి చాచి లైటు ఆర్పేసేది. అదేమిటవ్వా అంటే, "మాటలు చీకట్లోనూ వినపడతాయి కదప్పా" అని తన మాట తాను సాగించేది. ఆ కొత్తలో నేనామెకు వీలైనంత దూరంగా తిరిగేదాన్ని. పైకీ కిందికీ కరెంటు మీటరు ఒకటే కావడంతో ఎప్పుడేమంటుందోనని భయం.

అక్కడ మా మొదటి వేసవిలోనే నాకు నాలుగో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మా అమ్మ కొన్నాళ్ళుండి వెళ్ళింది. రమేశ్ షిఫ్టులకు వెళ్ళక తప్పలేదు. నేను తలుపేసుకుని పడుకునేదాన్ని. పదింటికల్లా రేకులు కాగి, గది పెనంలా అయ్యేది. నెత్తిమీద ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి కొట్టేది. లేచి మొహం కడుక్కోవాలని కూడా అనిపించేది కాదు. కిందికి దిగితే ఎవరో ఒకరు అడుగుతారు, జాలిపడతారు. ఆ చూపులకన్నా ఈ ఉడుకే నయమనిపించేది. రమేశ్ వచ్చి "తిన్నావా?" అంటే తిన్నానని అబద్ధం చెప్పేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఇనుపమెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న సద్దయింది. తలుపు తీస్తే అవ్వ. తలమీద తడిగుడ్డ, చేత్తో గోడ పట్టుకుని రొప్పుతోంది. కూర్చోమన్నా కూర్చోలేదు. పైకి చూసి, "ఇక్కడ నీ ఫ్యాను తిరగతా ఉండాది. కింద నా ఫ్యాను తిరగతా ఉండాది. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క ఫ్యానా? ఏం దండగ! ఇది ఆపేసి కిందికి రామ్మా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. బిడ్డను పోగొట్టుకున్న మనిషి దగ్గరికొచ్చి కరెంటు గురించి మాట్లాడుతుందా అనుకున్నాను. కానీ వాదించే ఓపిక లేక ఫ్యాను ఆపి, మొహం కడుక్కుని, ఆమె దిగిపోయిన కాసేపటికి నేనూ దిగాను. ఆ రాత్రి రమేశ్‌తో, "ఇలాంటి పిసినారిని నేనెక్కడా చూడలేదు" అని చెప్పుకుని ఏడ్చాను కూడా.

అయితే ఆ గది చల్లగా ఉన్న మాట నిజం. కిటికీకి తడి గోనెపట్టా, ఎర్రనేల, మెల్లగా తిరిగే పాత ఫ్యాను. నేల మీద వాలితే వీపుకు ప్రాణం లేచొచ్చింది. ఊరికే కూర్చోనివ్వలేదు అవ్వ. ఆ ఏడాది చింతపండు తట్ట ముందుకు తోసి, "నా కండ్లు సరింగా కనపడవు. గింజ ఉండిపోతాది. నువ్వు చూసి తియ్యి" అంది. మరునాడూ పిలిచింది. ఆ మరునాడూ పిలిచింది. తరవాత పిలవక ముందే దిగిపోవడం అలవాటయింది. జరిగినదాని గురించి ఆమె ఒక్క మాట అడగలేదు. నీళ్ళమజ్జిగ గ్లాసు పక్కన పెట్టేది, అంతే. అందులో మజ్జిగ కన్నా నీళ్ళే ఎక్కువ. అయినా కరివేపాకు నలిపి, ఉప్పేసి ఇస్తే కడుపులోదాకా చల్లగా దిగేది.

ఒకరోజు చింతగింజ తీస్తూ తీస్తూ ఉన్నట్టుండి నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. చేతులకు చింతపండు జిగురు, మొహం తుడుచుకోవడానికి లేదు. సిగ్గుతో లేవబోతే అవ్వ మోకాలి మీద చెయ్యేసి ఆపింది.

"ఏడ్చుకో మా. దానికేం మీటరు లేదు."

ఏడుపు మధ్యలోనే నాకు నవ్వొచ్చింది. ఆ రెండూ కలిసి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. అవ్వ తన పని ఆపలేదు. కాసేపటికి తట్ట వైపే చూస్తూ, "నాకూ రెండు పోయినాయి. ఒకటి మగ్గం కాడనే. ఆ కాలంలో ఎవరూ కూచోనిచ్చినోళ్ళు లేరు. అదే దినం మళ్ళా నూలు కండెలు చుట్టినా" అంది. ఆ తరవాత చింతపండు ఎండబెట్టడం గురించి మాట్లాడింది. నేను విన్నాను. చాలా రోజుల తరవాత ఆ పూట ఆకలేసింది.

ఆ వేసవిలోనే శీనప్ప ఒక పెద్ద పుచ్చకాయ తెచ్చాడు. అవ్వ దాన్ని కల్లంగడి అనేది. ఎర్రటి గుజ్జు అందరం తిన్నాక నేను తొక్కలు పారేయబోతే అవ్వ కేకేసింది. పచ్చని పైచెక్కు తీసేసి, లోపలి తెల్లభాగాన్ని తురిమి, నానబెట్టిన బియ్యంతో రుబ్బి, దోసెలు పోసింది. మెత్తగా, దూదిలా వచ్చాయి. "చూడు, రెండుసార్లు తిన్నాం ఒకే కాయిని" అని గర్వంగా చూసింది. "గింజలు కూడా ఉన్నాయవ్వా, మూడోసారి తిందామా?" అన్నాను వేళాకోళంగా. "అవి కడిగి మిద్దె మీద ఆరబెట్టినాలే" అంది చాలా మామూలుగా. నేను నేలమీద పడి నవ్వాను. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన రమేశ్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ నవ్వు విని చాలా కాలమయిందని తరవాత చెప్పాడు.

మరుసటి ఎండాకాలం మా ఊళ్ళో జాతరకని కుప్పం వెళ్ళాను. కొద్దిరోజుల తరవాత తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. బ్యాగు మెట్ల కింద పెట్టి, ముందు అవ్వను చూద్దామని గదిలోకి తొంగిచూశాను. లోపల ఆవిరి కొట్టింది. కిటికీ మూసి ఉంది. గోనెపట్టా ఎండి అట్టలా వేలాడుతోంది. ఫ్యాను ఆగి ఉంది. అవ్వ నేలమీద ఒక పక్కకు ఒరిగి, ఏదో గొణుగుతోంది. ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. పిలిస్తే నన్ను గుర్తుపట్టలేదు. ఫ్యాను వేసి, కిటికీ తెరిచి, బిందెలో నీళ్ళు తెచ్చి ఆమె చీరమీదే కుమ్మరించాను. వీధిలోకి పరుగెత్తి శీనప్పను కేకేశాను. ఇద్దరం కలిసి ఆటోలో ఎక్కించాం. దారిపొడుగునా తడి కొంగుతో ఆమె మెడ, చంకలు తుడుస్తూ ఉన్నాను. అవ్వా, అవ్వా అంటూనే ఉన్నాను. ఆమెను పోగొట్టుకుంటే నేనేమవుతానన్న భయం ఆ ఆటోలో మొదటిసారి తెలిసింది.

ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. వడదెబ్బ, ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు చెప్పి వెళ్ళాడు. బయట బెంచీ మీద శీనప్ప తల పట్టుకుని కూర్చున్నాడు.

"కరెంటు పోయిందా శీనప్పన్నా? ఫ్యాను ఎందుకు ఆగిపోయింది?" అని అడిగాను.

అతను నావైపు ఆశ్చర్యంగా చూశాడు. "పోవడం ఏంది మా? మా అమ్మ ఒక్కతే ఉంటే ఎప్పుడు ఫ్యాను వేసుకునింది? ఎన్నిసార్లు కొట్లాడినానో. నువ్వు మెట్లు దిగే సద్దు వినపడితే లేచి స్విచ్చి వేస్తాది. పట్టా తడిపేది కూడా నువ్వొచ్చే టైముకే. నువ్వు ఊరికి పోతివి కదా, ఇంక ఎవరి కోసరం వేస్తాది?"

కింద నా ఫ్యాను తిరుగుతా ఉందని ఆ మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చి చెప్పిన మాట గుర్తొచ్చింది. అప్పుడు కింద ఏ ఫ్యానూ తిరగడం లేదు. ఆ ఎండలో, ఆ మోకాళ్ళతో, అబద్ధం చెప్పి నన్ను దించుకుపోవడానికి ఎక్కి వచ్చింది. నేనామెను పిసినారి అనుకుని ఏడ్చాను.

సాయంత్రానికి అవ్వకు తెలివొచ్చింది. నన్ను చూడగానే, "పైన లైటు ఆర్పి వచ్చినావా?" అంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఇంకా లైటేనా అవ్వా? ప్రాణం మీదికి తెచ్చుకున్నావే! ఫ్యాను వేసుకుంటే ఏం పోయేది?"

"ఒక్కదాని కోసరం ఎందుకు మా?"

"నా ఒక్కదాని కోసం వేశావు కదా మరి. అబద్ధం చెప్పి మరీ పిలుచుకుపోయావు."

అవ్వ శీనప్ప వైపు కోపంగా చూసింది. రహస్యం బయటపెట్టింది అతనేనని తెలిసిపోయింది. నావైపు తిరిగి, "సుమ్నే, ఊరికే రమ్మంటే వస్తా ఉంటివా నువ్వు? పెద్ద రోషం నీకు. నువ్వు పైన ఉడికిపోతా ఉంటే నాకు కింద అన్నం దిగలేదు. అట్లని చెబితే ఇంకా గట్టిగా తలుపేసుకుంటా ఉంటివి" అంది.

ఇంటికి తెచ్చాక గట్టిగా పోట్లాడాను. ఎవరున్నా లేకపోయినా పగలంతా ఫ్యాను తిరగాలన్నాను. ఆమె మూడురోజులు బేరమాడి, చివరికి రెండో నంబరు మీద తిప్పడానికి ఒప్పుకుంది. నేను వచ్చి కూర్చుంటే మూడో నంబరు. దానికి మించి కుదరదంది. అయినా నాకు నమ్మకం లేక, పొద్దున్నుంచే కింద ఉండిపోయేదాన్ని. బ్యాంకు పరీక్షలకు చదివింది ఆ ఎర్రనేల మీదే. ఉద్యోగం వచ్చిందని చెబితే అవ్వ చక్కెర చిటికెడే తీసి నా నోట్లో వేసి, నెత్తిమీద చెయ్యిపెట్టి చాలాసేపు తియ్యలేదు.

తరవాత మేము మారతహళ్ళికి మారాము. మాకు పాప పుట్టింది. చూపించడానికి తీసుకెళ్తే అవ్వ తన పాత నూలుచీరలు మెత్తగా ఉతికి, పొత్తిళ్ళకని మడిచి ఉంచింది. ఒకటీ కొత్తది కాదు. ఏ కొత్త గుడ్డా నా బిడ్డ ఒంటికి అంత హాయిగా లేదు. ఆ మరుసటేడు వానాకాలంలో, నిద్రలోనే అవ్వ పోయింది. శీనప్ప ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ఆఫీసులో అందరి ముందూ గట్టిగా ఏడ్చాను. ఆపుకోవాలని అనిపించలేదు.

ఇప్పుడు మా పక్క ఫ్లాటులో ఒక అమ్మాయి ఒంటరిగా ఉంటోంది. కర్నూలు నుంచి వచ్చింది. ఇంట్లోంచే ఉద్యోగం. పగలూ రాత్రీ తలుపు మూసే ఉంటుంది. లిఫ్టులో కనిపించినప్పుడు కళ్ళకింద నల్లగా, మొహం పీక్కుపోయి ఉంది. భోజనానికి రమ్మని నేను రెండుసార్లు పిలిస్తే, "పర్లేదు ఆంటీ, థాంక్యూ" అని తప్పుకుంది. పోయిన ఆదివారం తలుపు తట్టి, "ఆవకాయకు మామిడికాయ ముక్కలు తుడవాలమ్మా. నా ఒక్కదాని చేతులు చాలడం లేదు. తడి ఉంటే పాడైపోతుంది" అన్నాను. ఒక్క క్షణం తటపటాయించి చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేసింది. గుడ్డ తీసుకుని ఒక్కొక్క ముక్కా శ్రద్ధగా తుడిచింది. సగం గిన్నె అయ్యేసరికి వాళ్ళ నాన్న పోయి ఇంకా ఏడాది తిరగలేదని చెప్పింది. నేను ఏమీ అడగలేదు. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "రేపు కూడా ఏమన్నా పని ఉందా ఆంటీ?" అని అడిగింది.

ముక్కలన్నీ అయిపోయాయి. కారం, ఆవపిండి కలిపేశాను. వంటింట్లో చెయ్యవలసింది ఏదీ మిగల్లేదు.

"ఉందమ్మా," అన్నాను, "బోలెడు ఉంది."